ఆరున్నొకటి

మొనకుప్పంలో నాగులమ్మ చేతి లెక్కకు పేరుంది. ఆమె గంపలోంచి తీసి ఇచ్చిన పీతల్ని ఇంటికి పోయి మళ్లీ లెక్క చూసుకున్నవాళ్లు లేరు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. ఎత్తు తక్కువ, గొంతు ఎక్కువ. అక్షరం రాదు. పెళ్లెప్పుడయిందని అడిగితే, శ్రీహరికోటలో రాకెట్లు లేవడం మొదలైన కొత్తల్లో, అని చెబుతుంది.

పులికాట్ సరస్సు ఒడ్డున నూటపాతిక ఇళ్ల ఊరు అది. తెల్లవారి పడవలు వచ్చే వేళకు నాగులమ్మ ఒడ్డున కూర్చుని ఉంటుంది. మోకాళ్లు అరిగి సరస్సులోకి పోవడం మానుకున్న భర్త కామాక్షయ్య పక్కనే వల అతుకుతూ ఉంటాడు. కొడుకు శివశంకర్ తెచ్చిన పీతల పెద్ద కాళ్లు రెండూ తాడుతో బిగించి, పెద్దవి ఒక గంపలో, నడిరకం ఇంకో గంపలో, చిన్నవి మూడోదాంట్లో వేస్తుంది. పెద్దవాటిని ఐసుపెట్టెల ఆటోవాడు తూకానికి పట్టుకుపోతాడు. చిన్నవాటిని ఆమే సూళ్లూరుపేట బజారుకు తీసుకుపోయి పదుల లెక్కన అమ్ముతుంది.

ఆ లెక్క ఇట్లా సాగుతుంది: లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది, తొమ్మిది, పది. పది కాగానే ఒక గులకరాయి పక్కన పెట్టి మళ్లీ లాభం దగ్గర మొదలుపెడుతుంది. మొదటిదాన్ని ఒకటి అంటే ఆ ఒకటితోనే ఆగిపోతుందేమోనని లాభం. ఏడు అంటే ఇంట్లో ఏడుపు వస్తుందని ఆరున్నొకటి. ఒకప్పుడు కళ్లాల్లో వడ్లు కొలిచే రైతులూ ఇదే మాదిరి అనేవారు. కాటాలు వచ్చాక చాలామంది మానేశారు. నాగులమ్మ మానలేదు.

కామాక్షయ్యకు ఇదొక కాలక్షేపం.

"ఏమ్మే, ఏడు అనవు గదా. తిరపతి కొండెక్కేటప్పుడు స్వామిని ఏమని పిలుస్తావు? ఆరున్నొక్క కొండలవాడా అనా?"

"గోవిందా అంటా. నువ్వు గమ్మున వల అతుక్కో."

వాళ్లకు ఒక్కతే మనవరాలు, చెంగశ్రీ. ఇంట్లో చెంగి. అయిదేళ్లు నిండాయి. తల్లి ఉష తడ దగ్గర కంపెనీలో పనిచేస్తుంది. పొద్దున ఆరింటికల్లా కంపెనీ బస్సు ఎక్కితే సాయంత్రం ఆరింటికి దిగుతుంది. అందువల్ల చెంగిని అంగన్‌వాడీకి తయారుచేసి పంపడం, మళ్లీ తెచ్చుకోవడం, నెలకోసారి జరిగే తల్లుల సమావేశానికి హాజరు కావడం, అన్నీ నాగులమ్మవే.

అంగన్‌వాడీ టీచర్ వాణి కావలి అమ్మాయి. కాపురం సూళ్లూరుపేటలో. స్కూటీ మీద వస్తుంది. కిందటి వర్షాకాలంలో జరిగిన సమావేశంలో ఒకావిడ లేచి, పిల్లలకు ఇంకా అక్షరాలు దిద్దించడం లేదేమని నిలదీసింది.

"అక్షరాలకు తొందరలేదమ్మా," అంది వాణి. "ముందు తన పేరు, అమ్మానాన్నల పేర్లు గట్టిగా చెప్పడం రావాల. చెప్పుల జత తనే కలుపుకోవాల. తన వంతు వచ్చేదాకా ఆగడం తెలియాల. పెద్దదేది, చిన్నదేది, ఏది ఏ గుంపులోదని చూసి వేరుచేయడం రావాల. ఒక్కో వస్తువునూ ముట్టుకుంటా ఒక్కో అంకె చెప్పడం రావాల. ఇవన్నీ మీ ఇంటిపనిలోనే ఉండాయి. పనిచేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడతా చేయించండి. సెల్లు చేతికిచ్చి మూల కూర్చోబెడితే రావు."

నాగులమ్మ వెనక వరసలోంచి చెయ్యెత్తింది. "నాకు చదువు రాదు గదా టీచరమ్మా. నేనేం చేయించేది?"

"పీతలు వేరుచేస్తారు గదా పెద్దమ్మా? లెక్కపెడతారు గదా? అదే చేయించండి. దానికంటే మంచి చదువు నా దగ్గర కూడా లేదు."

అంత మాట ఆమెతో అంతకు ముందు ఎవరూ అనలేదు. ఇంటికి పోయేలోపు దారిలో కనిపించిన నలుగురికీ చెప్పింది. నాలుగోవాళ్లకు చెప్పేసరికి టీచరు చదువంతా నాగులమ్మ గంపలోనే ఉన్నట్టు తేలింది.

మర్నాటి నుంచి చెంగి గంపల దగ్గర కూర్చుంది. మొదట కాళ్లు కట్టిన పీతల్ని మాత్రమే ముట్టుకోనిచ్చింది నాగులమ్మ. ఇది పెద్దదా నడిరకమా అని అడిగేది. తప్పు చెబితే తిట్టేది కాదు, రెండింటినీ పక్కపక్కన పెట్టేది. నెల తిరిగేసరికి చెంగి చూడగానే ఏ గంపదో చెప్పేస్తోంది. పీతను వెల్లకిలా తిప్పి పొట్టకింది రేకు చూడటం నేర్పింది. రేకు వెడల్పుగా గుండ్రంగా ఉంటే ఆడది, సన్నగా మూడు మూలలుగా ఉంటే మగది. లెక్క నేర్పింది. పదికో గులకరాయి పెట్టడం నేర్పింది. లాభం ఎందుకనాలో, ఏడు ఎందుకనకూడదో కూడా నేర్పింది. చెంగి అన్నిటికంటే ఆ చివరిదాన్నే బాగా పట్టుకుంది.

ఒకరోజు బడిలో వాణి అట్టముక్క మీద మూడు మూలల బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే, చెంగి తడుముకోకుండా "మగపీత" అంది. గుండ్రటి బొమ్మ చూపిస్తే "ఆడపీత" అంది. పిల్లలు నవ్వారు. వాణికి అర్థం కాక సాయంత్రం నాగులమ్మను అడిగింది. నాగులమ్మ రెండు పీతల్ని తిరగేసి చూపించింది. ఆ వారమే వాణి బడికి రెండు ఖాళీ పీత డిప్పలు తెప్పించి, పొట్టకింది రేకు కనిపించేట్టు గోడకు తగిలించింది. నాగులమ్మ కొన్నాళ్లు ఆ గోడ చూడటానికే బడిదాకా పోయింది.

లెక్క సంగతి మాత్రం బయటపడలేదు. బడిలో అంకెలు అందరూ కలిసి పాటలాగా చెబుతారు. ఇరవై గొంతుల్లో ఒక గొంతు ఏమంటోందో ఎవరికీ వినిపించదు.

మార్చి ఆఖర్లో సూపర్‌వైజర్ రెబెక్కమ్మ వచ్చింది. జూన్‌లో ఒకటో తరగతికి పోవాల్సిన పిల్లలు తొమ్మిదిమంది. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, ఎదురుగా ఇరవై చింతగింజలు పోసి లెక్కపెట్టమంటోంది. వచ్చిందీ రానిదీ ఫోన్లో నొక్కుతోంది. వాణి బయట మిగతా పిల్లల్ని పట్టుకుని ఉంది. చెంగి వంతు వచ్చింది.

"లాభం," అంది చెంగి ఒక గింజ జరిపి.

"లాభమేంది? ఒకటి అను."

చెంగి గింజను వెనక్కి తెచ్చి మళ్లీ మొదలుపెట్టింది. "లాభం. రెండు. మూడు."

ఆరు తర్వాత ఆరున్నొకటి అంది. పదహారు తర్వాత పదహారున్నొకటి అంది. ఇరవై దాకా ఒక్క గింజ తప్పకుండా జరిపి చేతులు దులుపుకుంది. రెబెక్కమ్మ ఆ రోజు ఇంకా మూడు ఊళ్లు చూడాలి. లెక్కపెట్టడం రాదు అని నొక్కింది. పదహారున్నొకటి అంటోంది, ఇంకో ఏడాది ఇక్కడే ఉంచితే మేలు, అని కింద రాసి వాణికి చూపించింది.

ఆ సాయంత్రం ఉష బస్సు దిగి చెప్పులు కూడా విడవకుండా అడిగింది.

"అత్తా, టీచర్ ఫోన్ చేసింది. దీనికి లెక్క రాదంట. మిగిలినోళ్లంతా ఒకటికి పోతారంట, ఇది మళ్లీ బుడ్డోళ్లతో కూర్చోవాలంట."

"లెక్క రాకపోవడమేంది? పది గులకరాళ్లు పెట్టిస్తాదే ఇది!"

"ఏం చెప్పినావే ఆడ?" ఉష కూతురి వైపు తిరిగింది.

చెంగి చెప్పింది. లాభం దగ్గర నుంచి, వేళ్లు మడుస్తూ, ఉత్సాహంగా.

ఉష గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. "పొద్దస్తమానం కాళ్ల మీద నిలబడి పనిచేసేది దేనికత్తా? ఇది చదువుకుంటాదనే గదా. దాని చదువు తీసకపోయి గంపలో వేసినావే."

నాగులమ్మ చెంగి మడిచిన వేళ్లను ఒక్కొక్కటే విప్పింది.

మర్నాడు పొద్దున చెంగి అలవాటుగా గంపల దగ్గరికి వచ్చింది. "పో, పొయ్యి ఆడుకో. నా దగ్గరికి రాబాక," అంది నాగులమ్మ. పిల్ల చెవిన పడకూడదని నోరు మెదపకుండా మనసులోనే లెక్కపెట్టుకుంది. ఆ రోజు బజారులో ఒకామె పోయినదల్లా వెనక్కి తిరిగొచ్చింది.

"నాగులమ్మక్కా, పదికి పదకొండు వేసినావు. ఒంట్లో బాగలేదా ఏంది?"

బడిలో చెంగి లెక్కపెట్టడం మానేసింది. గింజలు పోస్తే చూస్తూ కూర్చుంటోంది. పాటలో కూడా గొంతు కలపడం లేదు. మూడు రోజులు చూసి వాణి బడి మూశాక ఒడ్డుకు వచ్చింది. నాగులమ్మ తడిపిన గోనెసంచిలో మిగిలిన పీతల్ని సర్దుతోంది.

"పెద్దమ్మా, చెంగి ఎందుకట్లా మూగబోయింది?"

"నేనే చెడగొట్టినా టీచరమ్మా," అంది నాగులమ్మ. "నాకొచ్చిన లెక్కే నేర్పినా. అది బడికి పనికిరాదని నాకేం తెలుసు?"

"ఏదీ, ఆ లెక్క చెప్పండి."

నాగులమ్మ సంచిలోంచి ఒక్కో పీతా తీస్తూ చెప్పింది. లాభం అనగానే వాణి నవ్వేసింది. "మా తాత వడ్లు కొలిచేటప్పుడు ఇట్లాగే అనేవాడు. మర్చేపోయినాను." ఆరున్నొకటి విని తలూపింది. పది తర్వాత నాగులమ్మ గులకరాయి పెట్టి మళ్లీ లాభం అంది. వాణి చెయ్యి అడ్డం పెట్టింది.

"పదకొండు, పన్నెండు చెప్పరా?"

"నాకు పది దాటితే రాయే టీచరమ్మా. ఆ తర్వాతవి మీ బడి పాటలోవి."

"మరి పదహారున్నొకటి ఎవరు నేర్పినారు?"

"అదేంది? అట్టా యాడైనా ఉంటాదా?"

వాణి ఇసుకలోనే కూర్చుంది. రెబెక్కమ్మ ఫోన్లో చూపించిన దాంట్లో 'పదహారున్నొకటి అంటోంది' అని కూడా ఉంది. పదిహేడులోనూ ఏడు ఉందని పిల్ల తనే కనిపెట్టింది. దాన్ని తప్పించి, దాని బదులు ఏమనాలో కూడా తనే కట్టుకుంది. పదిహేడంటే పదహారు మీద ఒకటి అని తెలియకపోతే ఆ మాట నోటికి రాదు.

వాణి అక్కడే కూర్చుని రెబెక్కమ్మకు ఫోన్ కలిపి, అందరికీ వినపడేట్టు పెట్టింది. జరిగింది చెప్పింది. "మేడమ్, పాటలో పదిహేడు అనే పిల్లల్లో ఎంతమందికి అది పదహారూ ఒకటి అని తెలుసు? దీనికి తెలుసు."

"పిల్లకు తెలివి లేదని నేననలేదమ్మా," అంది రెబెక్కమ్మ. "పేర్లు రావాల. రేపు ఒకటో తరగతి అయ్యవారు ఏడో ఎక్కం చెప్పమంటే ఏమని చెబుతాది? ఆరున్నొకటి ఒకట్ల ఆరున్నొకటి అనా?"

పక్కనే వల అతుకుతున్న కామాక్షయ్య నవ్వు ఆగక సూది కింద పడేశాడు. నాగులమ్మ ఉరిమి చూసింది.

"వచ్చే శుక్రవారం అటు వస్తా," అంది రెబెక్కమ్మ. "ఒకటి, ఏడు, ఆ రెండు పేర్లూ చెప్పించు. చెబితే మార్చి రాస్తా. లేకుంటే ఇంక నన్నడగబాక."

రెండు పేర్లలో ఒకటి ఒక్క పూటలో వచ్చింది. బడిలో ఒకటి, గంప దగ్గర లాభం అని వాణి చెబితే చెంగి ఒప్పుకుంది. ఇంట్లో వేసుకునే గౌను వేరు, బడికి వేసుకునేది వేరు అయినట్టే ఇదీ అనుకుంది. ఏడు మాత్రం రాలేదు. ఆరు దగ్గరికి రాగానే పెదాలు బిగించేది. బెల్లంముక్క ఇచ్చినా విప్పలేదు. మూడో రోజు వాణి పక్కకు తీసుకుపోయి మెల్లిగా అడిగితే చెప్పింది.

"అంటే ఇంట్లో ఏడుపొస్తాది టీచర్. మా నాన్న సరస్సులో ఉండాడు గదా."

వాణి ఆ మాటను నాగులమ్మకు చేరవేసింది. "ఈ ముడి నేను విప్పలేను పెద్దమ్మా. మీరు వేసింది. మీరు చెబితేనే వింటాది."

ఇది తేలిక పని కాదు. నాగులమ్మకు ఆ మాట వాళ్లమ్మ చెప్పింది. నలభై ఏళ్లుగా మొదట మొగుడూ తర్వాత కొడుకూ సరస్సులో ఉన్న ప్రతి పొద్దూ ఆ అంకెను నాలుక దాటనివ్వలేదు. ఏడాది అనాల్సినచోట సంవత్సరం అంటుంది. ఎవరైనా టైమడిగితే ఆరు దాటింది అంటుంది, లేదా ఎనిమిది కాలేదు అంటుంది. సోమవారం పొద్దున గంప ముందు కూర్చుని నోరు తెరిచి మూసేసింది. మంగళవారం కూర్చోనేలేదు. బుధవారం కామాక్షయ్య ఉండబట్టలేకపోయాడు.

"ఇన్నేళ్లూ అనకుండా ఉండావు గదా. నా మోకాళ్లు పోకుండా ఆగినాయా?"

"నువ్వు తిరిగొచ్చినావు గదా," అంది నాగులమ్మ. ఆయన సూది తీసుకుని వల మీదికి వంగాడు.

గురువారం పొద్దున ఆమె చెంగిని తనే లేపి ఒడ్డుకు తీసుకొచ్చింది. పడవలు ఇంకా రాలేదు. నిన్నటి చిన్న పీతలు గోనెసంచిలో ఉన్నాయి. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని సంచి విప్పింది.

"ఒకటి," అంది.

కామాక్షయ్య చేతిలో సూది ఆగింది. ఆమె ఒక్కో పీతనూ తీసి గంపలో వేస్తూ పోయింది. ఆరు అయింది. తర్వాతి పీత చేతిలో ఉంది. కట్టగా మిగిలిన చిన్న కాళ్లను గాల్లో ఆడిస్తోంది. నాగులమ్మ సరస్సు వైపు చూడకుండా పీత వైపే చూస్తూ అంది.

"ఏడు."

చెంగి లేచి రెండు చేతులతో అవ్వ నోరు మూసింది. "అవ్వా! నాన్న ఇంకా రాలే!"

నాగులమ్మ ఆ చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. "వస్తాడు. ఎనిమిది."

పడవలు ఒక్కొక్కటే వచ్చాయి. శివశంకర్‌ది రాలేదు. ఎండాకాలం మొదలైతే ఆ ఒడ్డు పక్క నీళ్లు మోకాలి లోతు కూడా ఉండవు. పడవ బురదలో దిగబడితే మనిషి దిగి తోసుకుంటూ రావాలి. ఆలస్యం కావడం అక్కడ వింతేమీ కాదు. ఆ సంగతి అక్కడ నిలబడ్డ ముగ్గురికీ తెలుసు. బడి వేళ అయింది. చెంగి కదలనంది. నాగులమ్మ తడిసే ఉన్న గోనెసంచిని రెండుసార్లు మళ్లీ తడిపింది.

"బురదలో తోసుకుంటా వస్తా ఉంటాడులే," అన్నాడు కామాక్షయ్య. ఈసారి ఆ గొంతులో ఎగతాళి లేదు.

తొమ్మిది దాటాక పడవ కనిపించింది. శివశంకర్ తొడల దాకా బురదతో దిగి, ఒడ్డున వరసగా నిలబడ్డ మనుషుల్ని చూశాడు.

"ఏందిట్టా నిలబడుండారు? బడికి పోలేదా ఇది?"

"నీ కోసం కాదులే," అన్నాడు కామాక్షయ్య. "ఒక అంకె కోసం."

చెంగి అవ్వ చీర పట్టుకుని కిందికి లాగి, మొహం దగ్గరగా పెట్టి రెండు కళ్లూ పరీక్షగా చూసింది. "నువ్వు ఏడవలా," అంది.

"ఏడవలా," అంది నాగులమ్మ. "పద, బడికి పోదాం."

శుక్రవారం ఉష మధ్యాహ్నం షిఫ్టుకు మార్చుకుంది. అత్తాకోడళ్లిద్దరూ అంగన్‌వాడీ గుమ్మంలో నిలబడ్డారు, నాగులమ్మ చేతిలో ఖాళీ గంపతో. రెబెక్కమ్మ ఇరవై చింతగింజలు పోసింది. వాణి గోడ పక్కన, పీత డిప్పల కింద చేతులు కట్టుకుని నిలబడింది.

"ఒకటి," అని మొదలుపెట్టింది చెంగి. ఆరు దాకా ఒక్క ఊపున వచ్చింది. ఆగింది. వెనక్కి తిరిగి గుమ్మం వైపు చూసింది. నాగులమ్మ తలూపింది.

"ఏడు!" ఒడ్డుకు వినపడేంత గట్టిగా అంది. మళ్లీ వెనక్కి తిరిగింది.

నాగులమ్మ పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

చెంగి రెబెక్కమ్మ వైపు వేలు చూపించింది. "చూసినారా మేడమ్? ఏడు అంటే ఏడస్తాదని నేను ముందే చెప్పలా టీచర్‌కి?"

"ఏడ్చేదేంది, కంట్లో ఇసక పడింది!" అంది నాగులమ్మ. "చెప్పవే, ఎనిమిది!"

రెబెక్కమ్మ ఫోను మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వు దిగమింగింది. చెంగి ఎనిమిది నుంచి ముందుకు పోయింది. పదహారు దగ్గర నాలుక ఒకసారి తడబడి, "పదిహేడు" అని దాటేసింది. ఇరవయ్యో గింజ జరిపి చేతులు దులుపుకుంది. రెబెక్కమ్మ మార్చి నొక్కింది. ఫోను సంచిలో పెట్టుకోబోతూ ఆగి, ఏదో అడగాలనిపించి అడిగింది.

"ఏడంటే ఎంతమ్మా?"

ఇంత పెద్ద మనిషికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూసింది చెంగి.

"ఆరున్నొకటి."

రెబెక్కమ్మ వాణి వైపు చూసింది. వాణి అనాల్సింది పిల్లే అనేసింది.

గుమ్మం దిగాక ఉష అత్త చేతిలోంచి ఖాళీ గంప తీసుకుంది. "అత్తా, రేపట్నుంచి దాన్ని మళ్లీ నీ పక్కన కూర్చోబెట్టుకో," అని, కొంచెం ఆగి, "ఆ కూడికలు కూడా గంపలోనే చెప్పించు," అంది.

జూన్‌లో చెంగి ఒకటో తరగతిలో చేరింది. నాగులమ్మ ఇప్పటికీ లాభంతోనే మొదలుపెడుతుంది. ఆరు తర్వాత మాత్రం పీతను చేతిలో పట్టుకుని, మనవరాలు పక్కన ఉందో లేదో ఒకసారి చూసుకుని, ఉంటే ఏడు అంటుంది, లేకుంటే ఆరున్నొకటి.